గుట్టల మీది లైకెన్లు: నల్గొండ, పాలమూరు వైపు తరచుగా అడిగే ప్రశ్నలు

నల్గొండ, పాలమూరు, నాగర్‌కర్నూల్, వనపర్తి వైపు ఏ గుట్ట ఎక్కినా బండల మీద తెల్లగా, బూడిద రంగుగా, పసుపుగా, నల్లగా మచ్చలు ఉంటాయి. చింత, మామిడి, వేప బెరడు మీద కూడా ఉంటాయి. వీటిలో చాలా వరకు లైకెన్లు. డిగ్రీ విద్యార్థులు, తోటల రైతులు, గుడి కమిటీల వాళ్లు, సెలవు రోజుల్లో కోటలు ఎక్కేవాళ్లు తరచూ అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను. వర్గీకరణ గురించిన జవాబులు కావాలనే కాస్త పెద్దగా రాశాను. లైకెన్ల విషయంలో ఎక్కువ గందరగోళం అక్కడే ఉంది, ఎక్కువ ఆనందం కూడా అక్కడే ఉంది.

ఇంతకీ లైకెన్ అంటే ఏంటి? మొక్కా, నాచా?

మొక్క కాదు, నాచు కాదు. ఒక ఫంగస్, దాని లోపల ఉండే శైవలం (ఆల్గే) కలిసి కట్టుకున్న శరీరం లైకెన్. శైవలం బదులు సయనోబాక్టీరియా, అంటే ఎండతో ఆహారం తయారుచేసుకునే బాక్టీరియా, కూడా ఉండొచ్చు, కొన్నిట్లో రెండూ ఉంటాయి. బ్లేడుతో సన్నగా కోసి మైక్రోస్కోప్ కింద పెడితే తెలిసిపోతుంది: పైన గట్టి ఫంగస్ పొర, దాని కింద ఆకుపచ్చ కణాల పలుచని వరుస, ఆ కింద వదులుగా అల్లుకున్న ఫంగస్ దారాలు. శరీరంలో ఎక్కువ భాగం ఫంగస్‌దే. శైవలం ఎండలో చక్కెరలు తయారుచేసి ఫంగస్‌కి ఇస్తుంది. ఆకుపచ్చ శైవలమైతే రైబిటాల్ లాంటి చక్కెర ఆల్కహాల్‌గా, సయనోబాక్టీరియా అయితే గ్లూకోజ్‌గా ఇస్తుంది.

వానాకాలంలో గోడల మీద మెత్తగా, పచ్చగా, సన్నటి ఆకులతో పెరిగే నాచు వేరు. అది నిజంగా మొక్కే.

లైకెన్‌లో రెండు జీవులున్నాయని 1867లో మొదట గట్టిగా చెప్పినవాడు స్విట్జర్లాండ్ వృక్షశాస్త్రవేత్త సైమన్ ష్వెండెనర్. అప్పటి లైకెన్ పండితుల్లో చాలామంది ఒప్పుకోలేదు. అప్పట్లో ఈ రంగంలో అందరికంటే పెద్ద పేరున్న విలియం నైలాండర్ చివరిదాకా వ్యతిరేకించాడు.

రెండు జీవులున్నప్పుడు శాస్త్రీయ నామం ఎవరిది?

ఫంగస్‌ది. ఈ ఒక్కటి గుర్తుంటే మిగతా వర్గీకరణ అంతా తేలిగ్గా అర్థమవుతుంది. అంతర్జాతీయ నామకరణ నియమాల ప్రకారం లైకెన్‌కి పెట్టిన పేరు అందులోని ఫంగస్‌కే చెందుతుంది. లోపలి శైవలానికి దాని పేరు దానికి ఉంటుంది. మామిడి బెరడు మీద మీరు పిక్సిన్ కోకోస్ అనే లైకెన్‌ని చూశారంటే, ఆ పేరు ఫంగస్‌దే. లోపలి ఆకుపచ్చ కణాలకు ఆ పేరు వర్తించదు.

ఇది కాగితం మీది నియమం మాత్రమే అనుకోవద్దు. ప్రకృతిలో కూడా ఆకారాన్ని చాలా వరకు నిర్ణయించేది ఫంగసే. శైవలాల వైపు వైవిధ్యం చాలా తక్కువ: వేల రకాల ఫంగస్‌లు కొన్ని పదుల ప్రజాతుల (దగ్గరి జాతుల గుంపుల) శైవలాలతోనే, సయనోబాక్టీరియాతోనే కాలం గడుపుతాయి. ట్రెబౌక్సియా, ట్రెంటెపోలియా, నోస్టాక్ అనే మూడు పేర్లు తెలిస్తే చాలా దూరం వెళ్లొచ్చు.

అయినా శైవలానికి అసలు పాత్రే లేదనడం కూడా తప్పే. తడి అడవుల్లో పెరిగే స్టిక్టా, లొబేరియా అనే లైకెన్ల బంధువుల్లో ఒక వింత ఉంది. ఒకే ఫంగస్ ఆకుపచ్చ శైవలంతో కలిస్తే వెడల్పాటి ఆకులా, సయనోబాక్టీరియాతో కలిస్తే చిన్న పొదలా పెరుగుతుంది. పూర్వం ఆ రెండు రూపాలకూ రెండు వేరు ప్రజాతి పేర్లు పెట్టారు. డీఎన్‌ఏ చూశాక ఫంగస్ ఒకటేనని తేలింది, పేరు కూడా ఒకటే మిగిలింది.

ప్రపంచంలో ఎన్ని రకాలున్నాయి? మన దేశంలో?

2016 నాటి లెక్కతో ప్రపంచ నిపుణులు కలిసి తయారుచేసిన వర్గీకరణలో లైకెన్‌గా బతికే ఫంగస్ జాతులు 19,387, ప్రజాతులు 995, కుటుంబాలు 115, క్రమాలు 39, తరగతులు 8. ఆ తర్వాత కూడా కొత్త జాతులు చేరుతూనే ఉన్నాయి. ఈ మొత్తంలో బేసిడియోమైకోటా, అంటే పుట్టగొడుగుల వైపు బంధువులు, ఒక శాతం కూడా ఉండవు. మిగతావన్నీ ఆస్కోమైకోటా అనే ఇంకో పెద్ద ఫంగస్ విభాగానివి. తెలిసిన ఆస్కోమైకోటా జాతుల్లో నాలుగో వంతుకు పైగా లైకెన్లే. ఫంగస్‌ల చరిత్రలో లైకెన్ జీవితం ఓ మూలన జరిగిన చిన్న సంగతి కాదని ఈ ఒక్క లెక్కతోనే తెలుస్తుంది.

మన దేశంలో రెండున్నర వేలకు పైగా జాతులు నమోదయ్యాయి. ఇందులో ఎక్కువ హిమాలయాలు, ఈశాన్య రాష్ట్రాలు, పడమటి కనుమల నుంచి వచ్చినవి. భారతీయ లైకెన్ అధ్యయనానికి పునాది వేసినవారు లక్నోకి చెందిన ధరణీధర్ అవస్థి. అక్కడి జాతీయ వృక్షశాస్త్ర పరిశోధన సంస్థలో దేశంలోనే పెద్ద లైకెన్ సేకరణల్లో ఒకటి ఉంది. దక్కను మెట్టప్రాంతం లైకెన్ల పుస్తకాల్లో చాలా పలచగా కనిపిస్తుంది. మన గుట్టలు ఎండకి మాడేవే, నిజమే. కానీ అక్కడ బతికేవాటి సంగతి తెలుసుకోవాలంటే అక్కడికే వెళ్లి చూడాలి కదా.

పెచ్చు రకం, ఆకు రకం, పొద రకం అని ఇంటర్లో చదివాం. అది వర్గీకరణ కాదా?

కాదు. అది ఆకారాన్ని చెప్పే పద్ధతి. క్రస్టోస్ అంటే బండకి అంటుకుపోయిన పెచ్చు, రాయితో సహా పగలగొడితే తప్ప ఊడదు. ఫోలియోస్ అంటే ఆకులా పరుచుకునేది, అంచు కింద గోరు పెట్టి లేపొచ్చు. ఫ్రుటికోస్ అంటే పొదలా నిలబడేది లేదా గడ్డంలా వేలాడేది. చిన్న చిన్న పొలుసుల్లా పెరిగేవి, పిండి చల్లినట్టు కనిపించేవి కూడా ఉన్నాయి.

ఫీల్డులో ఇది బాగా పనికొస్తుంది, నేనూ మొదట ఇదే చూస్తాను. కానీ చుట్టరికం మాత్రం దీంట్లో దొరకదు. ఒకే కుటుంబంలో పెచ్చూ ఉంటుంది, ఆకూ ఉంటుంది, పొదా ఉంటుంది. అటువైపు, ఒకదానికొకటి ఏ సంబంధమూ లేని ఫంగస్‌లు ఒకే రకం పెచ్చుగా పెరుగుతాయి. ఎండ, గాలి, నీటి కొరత ఒకేలా ఉన్నచోట వేర్వేరు వంశాలు ఒకే ఆకారానికి వచ్చి చేరతాయి. లైకెన్‌గా బతకడం ఫంగస్‌లలో ఒక్కసారి మొదలై అక్కడి నుంచి పాకిన విషయం కూడా కాదు, వేర్వేరు వంశాల్లో విడివిడిగా పలుమార్లు మొదలైంది. అందుకే లైకెన్లన్నిటినీ కలిపి ఒకే సహజ వర్గంగా చూపించే చార్టు ఏదైనా పాతబడ్డట్టే లెక్క.

1753లో లిన్నేయస్ తనకు తెలిసిన ఎనభై దాకా లైకెన్లని లైకెన్ అనే ఒకే ప్రజాతిలో వేశాడు. ఆయన శిష్యుడు, వృత్తిరీత్యా వైద్యుడు అయిన ఎరిక్ అకారియస్ 1803 నుంచి వాటిని ప్రజాతులుగా విడదీయడం మొదలుపెట్టాడు. ఆయన పెట్టిన పేర్లలో కొన్ని ఇప్పటికీ వాడుతున్నాం.

మరి ఇప్పటి వర్గీకరణ ఎలా ఉంటుంది? మన వైపు ఉదాహరణలతో చెప్పండి.

ఫంగస్ సిద్ధబీజాలు (స్పోర్లు) ఎక్కడ, ఎలాంటి తిత్తిలో పుడతాయన్నది మొదటి ఆధారం. దానికి లోపలి రసాయనాలు, ఇప్పుడు డీఎన్‌ఏ తోడయ్యాయి.

అన్నిటికంటే పెద్ద తరగతి లెకనోరోమైసీట్స్. లైకెన్లలో నాలుగింట మూడు వంతులు ఇందులోనే ఉంటాయి. చాలావాటి పైన చిన్న గిన్నెలు, పళ్లేలు పేర్చినట్టు గుండ్రటి బిళ్లలు కనిపిస్తాయి, సిద్ధబీజాలు పుట్టేది వాటిలోనే. మామిడి, చింత బెరడు మీది పిక్సిన్, డిరినేరియా ఈ తరగతివే. బండల మీద ఆరెంజి రంగులో మెరిసే కాలోప్లాకా, దాని బంధువులూ ఇవే. లైకెన్లలో అతిపెద్ద కుటుంబం పార్మీలియేసి కూడా ఇక్కడిదే, దాంట్లో 2,700కు పైగా జాతులున్నాయి. రెండో పెద్ద కుటుంబం గ్రాఫిడేసి. నున్నటి బెరడు మీద ఎవరో నల్ల పెన్నుతో గీతలు గీసినట్టు కనిపిస్తే అది గ్రాఫిస్ కావొచ్చు, ఆ గీతలే దాని ఫలాంగాలు, అంటే సిద్ధబీజాలు పుట్టే భాగాలు. నల్లమలలో నీడ ఉన్న లోయల్లో వెతకండి.

యూరోషియోమైసీట్స్ తరగతిలో ఫలాంగం బయటికి బిళ్లలా తెరుచుకోదు. చిన్న కుండలా లోపలికి దిగి, పైన నల్లటి చుక్క మాత్రమే కనిపిస్తుంది. రాళ్ల మీద, గట్టిపడ్డ నేల మీద పెరిగే ఎండోకార్పాన్ ఇందులోది. రొట్టె మీద బూజులా పెరిగే పెనిసిలియం, ఆస్పర్జిల్లస్ కూడా ఇదే తరగతి. బండ మీది పెచ్చుకి బూజు దగ్గరి చుట్టం, పక్కనే ఉన్న ఇంకో పెచ్చు దూరపు చుట్టం! ఈ సంగతి క్లాసులో చెప్పినప్పుడు పిల్లల ముఖాల్లో వచ్చే ఆశ్చర్యం నాకు చాలా ఇష్టం.

డోథిడియోమైసీట్స్‌లో ఉష్ణమండల బెరడు లైకెన్లు కొన్ని, ఆకుల మీద పెరిగే స్ట్రిగులా ఉన్నాయి. ఆర్థోనియోమైసీట్స్‌లో రొసెల్లా ఉంది. ల్యాబులో ఆమ్లమా క్షారమా చూడ్డానికి వాడే లిట్మస్ రంగు మొదట తీసింది రొసెల్లా నుంచే. సముద్రతీరపు రాళ్లు దీనికి ఇష్టం, మన వైపు వెతికి లాభం లేదు.

లిచినోమైసీట్స్ చిన్న తరగతే, కానీ మన గుట్టలకు ఇదే ముఖ్యం. నల్లని, ముదురు ఆలివ్ రంగు పొలుసుల్లా ఉండే పెల్టులా ఇందులోది. ఈ తరగతి గురించి కింద మళ్లీ చెబుతాను. ఇక పుట్టగొడుగుల వైపు తరగతి అగారికోమైసీట్స్. అందులోని లైకెన్లు తడి కొండలకు చెందినవి.

ఒకే బండ మీద రెండు పసుపు మచ్చలున్నాయి. రెండూ ఒకటేనా?

చూస్తే ఒకటే అనిపిస్తాయి. ఒక్క చుక్కతో విడదీయొచ్చు.

లైకెన్ ఫంగస్‌లు వందల రకాల ఆమ్లాలు, రంగులు తయారుచేస్తాయి, వాటిలో చాలా భాగం వేరే ఏ జీవిలోనూ దొరకవు. 1866లో నైలాండర్ వీటిని రంగు పరీక్షలతో పట్టుకోవడం నేర్పాడు. ష్వెండెనర్‌తో ఆయన చేసిన వాదన ఓడిపోయింది గానీ, ఈ పరీక్షలు ఇప్పటికీ ప్రతి లైకెన్ ల్యాబులో రోజూ చేస్తారు. పది శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం ఒక చుక్క వేస్తే కె పరీక్ష. అప్పుడే నీళ్లలో కలిపిన బ్లీచింగ్ పౌడర్ తేట ఒక చుక్క వేస్తే సి పరీక్ష.

ఇప్పుడు ఆ పసుపు మచ్చల సంగతి. కాలోప్లాకా బంధువుల మీద కె చుక్క పడగానే వంకాయ రంగు తిరుగుతుంది, ఎందుకంటే వాటి రంగు ఆంత్రాక్వినోన్‌లు అనే పదార్థాల వల్ల వచ్చింది. కాండెలేరియా, కాండెలేరియెల్లా గుంపు మీద వేస్తే ఆ వంకాయ రంగు రాదు, వాటి పసుపు పల్వినిక్ ఆమ్ల సంబంధ పదార్థాలది. ఇంతవరకు పాత సంగతే. 2022లో వచ్చిన జీనోమ్ (మొత్తం డీఎన్‌ఏ) అధ్యయనం కాండెలేరియా గుంపుని తీసుకెళ్లి నల్లటి పెల్టులా ఉన్న లిచినోమైసీట్స్‌లో కలిపింది. అంటే ఈ పసుపు పెచ్చుకి, పక్కనున్న పసుపు పెచ్చు కంటే, నీళ్లు జారే చోటి నల్ల పొలుసు దగ్గరి బంధువు. రంగు చూసి చుట్టరికం కలిపే అలవాటు ఎంత తప్పో చెప్పడానికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ ఇదే.

బెరడు మీద ఇలాంటి జంటే ఇంకొకటి ఉంది. పిక్సిన్ కోకోస్, డిరినేరియా రెండూ బూడిద రంగు, రెండూ బెరడుకి గట్టిగా పరుచుకుంటాయి. చీకట్లో, నోట్లు చూసే అతినీలలోహిత టార్చి వేయండి. పిక్సిన్ కోకోస్ పసుపుగా వెలుగుతుంది, లైకెగ్జాంథోన్ అనే పదార్థం వల్ల. మామూలుగా దొరికే డిరినేరియా అలా వెలగదు. పైగా డిరినేరియా కింది వైపు పట్టుకునే వేళ్ల లాంటి దారాలు ఉండవు, పిక్సిన్‌కి ఉంటాయి.

పొటాషియం హైడ్రాక్సైడ్ చర్మాన్ని, కళ్లని కాలుస్తుంది. పిల్లలతో ల్యాబులోనే, టీచర్ ఎదురుగానే చేయించండి. గుడి రాయి మీద, కోట గోడ మీద ఏ చుక్కా వేయొద్దు.

పేర్లు ఎందుకు అన్నిసార్లు మారుస్తారు? చదివేవాళ్లకి టెన్షన్ కాదా?

టెన్షనే, ఒప్పుకుంటాను. కానీ ప్రతి మార్పు వెనక కొత్తగా తెలిసిన ఒక సంగతి ఉంటుంది. బిర్యానీలో వేసే రాతిపువ్వునే తీసుకోండి. పద్దెనిమిదో శతాబ్దంలో అది లైకెన్ పెర్లాటస్. తర్వాత పార్మీలియా పెర్లాటా. ఇప్పుడు పార్మోట్రీమా పెర్లాటమ్. ఇలాంటి ఆకు లైకెన్లు చాలా వరకు పార్మీలియా అనే ఒకే సంచిలో ఉన్నప్పుడు, అమెరికా శాస్త్రవేత్త మేసన్ హేల్ 1970ల్లో అంచు వెంట్రుకలు, కింది దారాలు, లోపలి రసాయనాలు చూసి ఆ సంచిని విప్పాడు. పాత ఆయుర్వేద పుస్తకాల్లో, మసాలా ప్యాకెట్ల మీద ఇప్పటికీ పార్మీలియా అనే ఉంటుంది.

డీఎన్‌ఏ వచ్చాక వేగం ఇంకా పెరిగింది. ఫంగస్‌లని గుర్తించడానికి ఐటీఎస్ అనే జీనోమ్ ముక్కని బార్‌కోడ్‌గా వాడాలని 2012లో ప్రతిపాదించారు. 2014లో దక్షిణ, మధ్య అమెరికాల్లోని కోరా అనే లైకెన్‌ని పరీక్షిస్తే, అంతకు ముందు ఒకే జాతి అనుకున్న దాంట్లో కనీసం 126 జాతులు తేలాయి. లెక్క 400 దాటొచ్చని పరిశోధకులు అంచనా వేశారు. మన బండల మీద మనం ఒకే పేరు పెట్టి వదిలేసే బూడిద రంగు పెచ్చుల విషయంలో ఇది గుర్తుంచుకోవాలి.

లైకెన్‌లో మూడో జీవి కూడా ఉందంటున్నారు, నిజమేనా?

కొన్నిట్లో ఉంది. 2016లో టోబీ స్ప్రిబిల్, సహచరులు చాలా లైకెన్ల పై పొరలో బేసిడియోమైకోటాకి చెందిన యీస్ట్ కణాలని చూపించారు. ఆ యీస్ట్ ప్రతి లైకెన్‌లోనూ ఉండదు, దాని పాత్ర మీద చర్చ నడుస్తోంది. బాక్టీరియా కూడా ఉంటాయి. పేరు మాత్రం ప్రధాన ఫంగస్‌కే ఉంటుంది.

నేల మీదికి అన్నిటికంటే ముందు లైకెన్లే వచ్చాయట కదా?

చాలా పుస్తకాల్లో అలాగే ఉంది. 2019లో వచ్చిన వంశవృక్ష కాలగణన మాత్రం ఇప్పటి లైకెన్ వంశాలు నాళికలున్న (లోపల నీళ్లు మోసే గొట్టాలున్న) మొక్కల కంటే ముందు పుట్టినట్టు ఆధారం లేదని తేల్చింది. పరీక్షలో రాసేటప్పుడు మీ సిలబస్ చూసుకోండి.

గుట్టల మీద పైనుంచి కిందికి నల్లటి చారలుంటాయి. అవి మంటల మసా?

మసి కాదు. భువనగిరి ఏకశిల మీద, దేవరకొండ, రాచకొండ, కోయిల్‌కొండ గుట్టల మీద వాననీళ్లు జారే దారులు గమనించండి. చారలు సరిగ్గా ఆ దారుల్లోనే ఉంటాయి. ఉష్ణమండలంలో ఇలాంటి గ్రానైట్ గుట్టల మీద నల్లదనం ఎక్కువగా సయనోబాక్టీరియాదీ, సయనోబాక్టీరియాతో బతికే పెల్టులా లాంటి లైకెన్లదీ.

నీళ్ల దారిలోనే ఎందుకు? ఆకుపచ్చ శైవలం ఉన్న లైకెన్ గాలిలోని తేమతోనే మళ్లీ పనిలోకి దిగగలదు. సయనోబాక్టీరియా ఉన్నదానికి తడిపే నీళ్లే కావాలి. అందుకని తేమతో గడుపుకునేవి బండ పక్కల్లో, నీళ్లు తప్పనిసరి అయినవి జారుదారుల్లో సర్దుకుంటాయి. ఒక బండ ముందు నిలబడి ఏ మచ్చ ఎక్కడుందో చూస్తే లోపలి భాగస్వామి ఎవరో చాలాసార్లు ఊహించొచ్చు.

మే నెల ఎండకి ఎలా తట్టుకుంటాయి?

ఎండిపోయి. లైకెన్ తన నీటిని దాచుకోదు, చుట్టూ ఎండితే తనూ ఎండుతుంది. ఆ స్థితిలో శ్వాస, ఆహార తయారీ దాదాపు ఆగిపోతాయి. తడిగా ఉన్నప్పుడు చంపేసే వేడిని ఎండిన లైకెన్ తట్టుకుంటుంది. 2005లో రెండు జాతుల లైకెన్లని రెండు వారాల పాటు అంతరిక్షంలో బయట ఉంచి తెచ్చినా బతికే ఉన్నాయి. మన దగ్గర చలికాలం పొద్దున మంచు పడే కొన్ని గంటలు, వానల రోజులు వాటికి పని రోజులు. అందుకే ఎదుగుదల అంత నిదానం, పెచ్చు రకాలు చాలావరకు ఏడాదికి ఒక మిల్లీమీటరు కూడా పెరగవు.

బత్తాయి చెట్టు మొదలు మీద తెల్లటి, బూడిద మచ్చలున్నాయి. తెగులా? మందు కొట్టాలా?

నల్గొండ రైతులు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. లైకెన్ బెరడు పైనే ఉంటుంది, చెట్టు రసం పీల్చదు. దానికి కావాల్సిన తిండి లోపలి శైవలం నుంచి, నీళ్లు వాన నుంచి, మంచు నుంచి వస్తాయి. ఎండుకొమ్మల మీద లైకెన్లు ఎక్కువ కనిపించడానికి కారణం ఆకులు రాలి అక్కడ వెలుతురు పెరగడం. కొమ్మ ఎండడానికి అసలు కారణం వేరే ఉంటుంది, దాన్ని వెతకండి: వేరుకుళ్లు, బంక తెగులు, నీటి ఎద్దడి. బంక కారుతుంటే అది లైకెన్ పని కాదు, వ్యవసాయ అధికారికి చూపించండి. మొదలుకి బోర్డో పేస్టు పూస్తే అందులోని రాగి వల్ల లైకెన్లు ఎలాగూ పోతాయి. లైకెన్ కోసమే ఆ ఖర్చు పెట్టకండి.

మామిడి ఆకుల మీద తుప్పు రంగు మఖమల్ చుక్కలు మాత్రం వేరు. అది సెఫాల్యూరోస్ అనే శైవలం, ఆకు లోపలికి దిగి కొంత నష్టం చేస్తుంది. ఇక్కడ ఒక ముచ్చట ఉంది: ఇదే సెఫాల్యూరోస్‌ని స్ట్రిగులా అనే ఫంగస్ పట్టుకుంటే ఆకు మీద తెల్లటి గుండ్రటి లైకెన్‌గా మారుతుంది. తెగులు అనిపించుకున్న శైవలమే ఇంకో జట్టులో లైకెన్ భాగస్వామి.

మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి కూడా లైకెన్ల వల్లే దెబ్బ తగిలిందా?

కాదు. 2018లో ఆ పెద్ద మర్రికి సెలైన్ పద్ధతిలో మందు ఎక్కించింది చెదల కోసం. లైకెన్లకి దాంతో సంబంధం లేదు.

రాతిపువ్వు మన గుట్టల మీద కోసుకోవచ్చా?

వద్దు. కిరాణా కొట్లో దొరికేది హిమాలయాలు, పడమటి కనుమల లాంటి చల్లటి తడి కొండల్లో చెట్ల బెరడు నుంచి, రాళ్ల నుంచి ఏరినది. ఒక్కో ప్యాకెట్లో రెండు మూడు జాతులు కలిసే ఉంటాయి. మన దగ్గర చెట్టు మీద కనిపించే ఆకు లైకెన్ అదే అనుకోవడానికి లేదు. ఒకేలా కనిపించే మూడు పార్మోట్రీమాలని ల్యాబులో పెడితే, టింక్టోరమ్ లోపలి తెల్ల పొర సి చుక్కకి ఎర్రబడుతుంది, రెటిక్యులేటమ్ కె చుక్కకి పసుపై ఎర్రగా తిరుగుతుంది, పెర్లాటమ్ పసుపు దగ్గరే ఆగుతుంది. కళ్లతో చూసి ఇది చెప్పలేం. పైగా లైకెన్ గాలిలోని సీసం లాంటి లోహాలని పట్టి ఉంచుకుంటుంది. హైవే పక్క చింతచెట్టు మీది లైకెన్ కూరలో వేసే వస్తువు కాదు. కొన్ని లైకెన్లలో విషం కూడా ఉంటుంది, యూరప్‌లో తోడేళ్లని చంపడానికి వాడిన లెథేరియా అలాంటిదే.

గుడి గోడల మీద లైకెన్లు రాయిని తినేస్తాయా? గీకేయాలా?

కొంత నష్టం నిజమే. ఫంగస్ దారాలు రాతి రేణువుల సందుల్లోకి కొన్ని మిల్లీమీటర్లు దిగుతాయి, చాలా జాతులు ఆక్సాలిక్ ఆమ్లం వదులుతాయి. సున్నపురాయికి ఇది ఎక్కువ ప్రమాదం, గ్రానైట్‌కి తక్కువ. అయితే కొన్నిచోట్ల లైకెన్ పొర వాన దెబ్బ నుంచి రాయిని కాపాడుతుందని కూడా అధ్యయనాలున్నాయి. ఏ రాయి, ఏ జాతి అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది.

వైరు బ్రష్, యాసిడ్ మాత్రం ఎట్టి పరిస్థితుల్లో వద్దు. లైకెన్ వందేళ్లలో చేయలేని నష్టం వైరు బ్రష్ ఒక పూటలో చేస్తుంది, శాసనాల అక్షరాలు దానితోనే పోతాయి. పానగల్లు, ఆలంపూర్ లాంటి రక్షిత కట్టడాల్లో పురావస్తు శాఖ రసాయన విభాగం వాళ్లు తప్ప ఎవరూ చెయ్యి పెట్టకూడదు, చట్టం కూడా ఒప్పుకోదు. చిన్న గుళ్లలో సున్నం కొడితే పాత లైకెన్లు చస్తాయి, కొన్నేళ్లకి సున్నం ఇష్టపడే వేరే జాతులు వస్తాయి.

నల్గొండ ఫ్లోరైడ్ గురించి లైకెన్లు ఏమైనా చెబుతాయా?

ఇక్కడి ఫ్లోరైడ్ గ్రానైట్ ఖనిజాల నుంచి భూగర్భ జలంలోకి కరిగి వచ్చింది. లైకెన్‌కి వేరు లేదు, బోరు నీళ్లు దానికి అందవు. అందుకని ఏమీ చెప్పవు. అల్యూమినియం కరిగించే ఫ్యాక్టరీల దగ్గర గాలిలోకి వచ్చే ఫ్లోరైడ్ మాత్రం లైకెన్లని చంపుతుంది.

గాలి సంగతి బాగా చెబుతాయి. పారిస్ లక్సెంబర్గ్ తోటలో లైకెన్లు తగ్గిపోవడాన్ని 1866లోనే నైలాండర్ రాశాడు. సల్ఫర్ డయాక్సైడ్ ఉన్నచోట పొద రకాలు ముందు పోతాయి. పిక్సిన్ కోకోస్ లాంటి మొండివి టౌన్లలో కూడా మిగులుతాయి. మీ ఊరి బస్టాండు చింతచెట్టుకీ, ఊరి బయట చెలక గట్టు చింతచెట్టుకీ తేడా చూడండి. స్కూలు పిల్లలు చేయగల మంచి ప్రాజెక్టు ఇది.

క్వారీ పడిన గుట్ట మీద లైకెన్లు మళ్లీ వస్తాయా?

వస్తాయి, కానీ అవే రావు. కొత్తగా పగిలిన రాతి ముఖం మీద ముందు గాలికి వచ్చి పడే, దుమ్ముకి తట్టుకునే కొన్ని జాతులు పడతాయి. ఫంగస్ సిద్ధబీజం ఒక్కటే ఎగిరొచ్చి పడితే చాలదు, అక్కడ తనకి సరిపడే శైవలం దొరకాలి. సొరీడియా అనే పొడి ముక్కలు రెండిటినీ కలిపి మోసుకొస్తాయి, అవి కూడా దగ్గర్లో పాత గుట్ట మిగిలి ఉంటేనే వస్తాయి. అరచెయ్యంత పెచ్చు చాలాసార్లు మన తాతల కంటే పాతది. క్రషర్ కింద పోయే బండ మీద ఏముందో రాసుకోకుండానే అది పోతుంటే నాకు చాలా బాధ కలుగుతుంది. మీ దగ్గర గుట్టకి లీజు నోటీసు వచ్చిందని తెలిస్తే, కనీసం ఫోటోలైనా తీసి పెట్టండి.

ఫోటో, శాంపిల్ ఎలా తీయాలి? ఎక్కడ చూపించాలి?

వాన పడిన మర్నాడు లేదా చలికాలం పొద్దున వెళ్లండి, తడికి రంగులు తేలుతాయి. పక్కన స్కేలు పెట్టి, మొత్తం మచ్చ ఒకటి, దగ్గరగా ఒకటి, అంచు ఒకటి తీయండి. పదింతలు చూపే చేతి లెన్స్ ఉంటే బిళ్లలున్నాయా, చుక్కలున్నాయా, గీతలున్నాయా రాసుకోండి. ఫోటో కంటే ఈ ఒక్క లైను ఎక్కువ పనికొస్తుంది.

అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ పరిధిలో, అంటే మన్ననూర్, ఫరహాబాద్, మల్లెలతీర్థం వైపు, అటవీ శాఖ రాతపూర్వక అనుమతి లేకుండా ఏదీ తీయొద్దు. సొంత చెలకలోనో, అనుమతి ఉన్న పట్టా భూమిలోనో రూపాయి బిళ్లంత చాలు. అది కూడా అదే జాతి చుట్టుపక్కల బాగా ఉన్నప్పుడే. పెచ్చు రకమైతే రాలిపడిన రాతి ముక్కతో సహా తీసుకోండి. ప్లాస్టిక్ కవర్లో పెడితే బూజు పడుతుంది, పేపరు మడిచి పొట్లం కట్టండి. పొట్లం మీద తేదీ, ఊరు, మండలం, జీపీఎస్, ఏ రాయి లేదా ఏ చెట్టు, ఎండ వైపా నీడ వైపా రాయండి. హైదరాబాద్‌లోని బొటానికల్ సర్వే దక్కన్ ప్రాంతీయ కేంద్రం, లక్నో సంస్థ, పుణెలోని అఘార్కర్ పరిశోధన సంస్థ లాంటి చోట్ల హెర్బేరియంలు, అంటే ఎండబెట్టిన నమూనాలు దాచే చోట్లు, ఉన్నాయి. పంపే ముందు అడిగి పంపండి. ఏ చెట్టు మీదిదో రాయని పొట్లాన్ని ఎంత పెద్ద నిపుణుడైనా పక్కన పెట్టేస్తాడు.